యల్లాప్రగడ పరిశోధన, మన ప్రతిభ కొలతలు

తుళ్లూరు దగ్గర బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రికి 2025 ఆగస్టులో భూమిపూజ జరిగింది. అదే మండలంలోని ఐనవోలులో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం, పొరుగున నీరుకొండలో మరొకటి 2017 నుంచి నడుస్తున్నాయి. దశాబ్దం కిందటి వరకు పత్తి, మిరప పండిన నల్లరేగడి నేలలో ఇవాళ వైద్యం, పరిశోధన, ఆవిష్కరణ అనే మాటలు వినిపిస్తున్నాయి. ఇది స్వాగతించదగిన మార్పు. గుంటూరు, ప్రకాశం మైదానాల రోగులు హైదరాబాదుకో, చెన్నైకో పరుగెత్తవలసిన దుస్థితి కొంతైనా తగ్గుతుంది. అయితే రేపు ఇక్కడ వెలిసే ప్రయోగశాలల్లోకి ఎవరు ప్రవేశిస్తారు, పరిశోధనా పత్రం మీద ఎవరి పేరు ఉంటుంది, ఎవరి జబ్బు పరిశోధనాంశం అవుతుంది అన్న మూడు ప్రశ్నలను పునాదుల దశలోనే అడగాలి. గోడలు లేచి, పదవులు నిండాక అడిగే ప్రశ్నకు విలువ ఉండదు.

ఈ ప్రశ్నలకు విద్యావంతుల సమాజం దగ్గర ఒకే జవాబు సిద్ధంగా ఉంటుంది: ప్రతిభ. ప్రతిభకు రుజువేమిటంటే, ప్రచురించిన పత్రాలెన్ని, వాటికి వచ్చిన సైటేషన్లెన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత అని లెక్క చూపిస్తారు. విశ్వవిద్యాలయ అధ్యాపకుడిగా నేను పాల్గొన్న ప్రతి ఎంపిక చర్చలోనూ ఈ అంకెలే చివరి మాటగా చెల్లుబాటు అవుతున్నాయి. అంకెకు కులం లేదని, అందువల్ల అంకెను నమ్ముకున్న వ్యవస్థకూ కులం ఉండదని వాదన. రిజర్వేషన్లను వ్యతిరేకించేవారే కాదు, వాటిని సమర్థించే విద్యార్థులు సైతం ఈ వాదన ముందు తడబడటం చూస్తున్నాను. కాబట్టి ఈ కొలబద్దను ఒకసారి పరీక్షించి చూడాలి. అందుకు క్యాన్సర్ పరిశోధనలో తెలుగువారి అత్యున్నత నామమైన యల్లాప్రగడ సుబ్బారావును మించిన ఉదాహరణ లేదు.

రికార్డు చెప్పేది, దాచేది

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. 1922లో బోస్టన్ చేరి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే వద్ద జీవరసాయన పరిశోధన ప్రారంభించారు. రక్తంలో, మూత్రంలో, కణజాలంలో ఉన్న భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి లెక్కగట్టే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రచురించారు. నీలిరంగు ఎంత చిక్కగా వస్తే భాస్వరం అంత ఎక్కువగా ఉన్నట్టు. చౌకైన, నమ్మదగిన ఈ పద్ధతి ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల నిత్యకృత్యమైంది. ‘ఫిస్కే-సుబ్బారావు పద్ధతి’గా పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. గత శతాబ్దపు జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరించిన పత్రాలలో అది ఒకటి. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. 1929లో ఏటీపీని వెల్లడించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ సైతం దానిని కనుగొన్నాడు. కండరం పనిచేయడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందన్న సిద్ధాంతానికి 1922లో నోబెల్ బహుమతి దక్కి ఉంది. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల ఆవిష్కరణతో ఆ సిద్ధాంతమే తిరగబడింది.

ఇంతటి ప్రభావమున్న పరిశోధకుడికి హార్వర్డ్ శాశ్వత నియామకం ఇవ్వలేదు. ప్రధాన పత్రాలలో ఆయన పేరు రెండవది. ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు ఫిస్కే అసూయ కారణంగా వెలుగు చూడలేదని, తరువాతి కాలంలో ఇతరులు వాటిని మళ్లీ కనుగొనవలసి వచ్చిందని 1988 నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ అభిప్రాయపడినట్టు సుబ్బారావు జీవితచరిత్రకారులు నమోదు చేశారు. హిచింగ్స్ కూడా ఆ ప్రయోగశాలలోనే శిక్షణ పొందినవాడు. ప్రచురణ కాని పనికి సైటేషన్ ఉండదు. సైటేషన్ లేని పనికి మన లెక్కలో ఉనికే ఉండదు.

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లి, అక్కడి పరిశోధనకు సారథ్యం వహించారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. 1945లో వెలువడిన ఆ పత్రంలో చాలామంది రచయితల మధ్య ఆయన పేరు ఒకటి. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే పదార్థాలను కూడా ఆ బృందమే రూపొందించింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన చిన్నపిల్లలకు ఇచ్చాడు. చికిత్స అందుకున్న పదహారు మందిలో పదిమందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. ఆధునిక కీమోథెరపీకి పునాది వేసిన ఈ పత్రం 1948 జూన్‌లో వెలువడింది. దానిపై ఐదుగురి పేర్లున్నాయి. సుబ్బారావు పేరు లేదు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో ఆయన మరణించారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఇవాళ పిల్లల రక్త క్యాన్సర్ మొదలుకొని కీళ్లవాతం వరకు వాడే మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఉంది. ఆ మందు గురించి వెలువడే పత్రాలకు లెక్కలేదు. వాటిలో ఏ ఒక్కదానికీ సుబ్బారావును ఉదహరించవలసిన అవసరం రాదు.

ఇప్పుడు మన కొలబద్దను ఆయనకు అన్వయించి చూద్దాం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల ప్రకారం, ఇద్దరు కలిసి రాసిన పత్రంలో చెరొకరికి నిర్ణీత మార్కులలో 70 శాతం వస్తుంది. ఇద్దరికి మించితే మొదటి రచయితకో, ప్రధాన రచయితకో 70 శాతం, మిగిలినవారికి తలా 30 శాతం. ఈ లెక్కన భాస్వరం పత్రానికి సుబ్బారావుకు 70 శాతం, ఫోలిక్ ఆమ్లం పత్రానికి 30 శాతం, లుకేమియా పత్రానికి సున్నా. ప్రపంచం ఆయనకు అత్యధికంగా రుణపడిన పనికి మన కొలత వేసే మార్కు సున్నా. ఇది కొలతలోని చిన్న లోపం కాదు. ప్రచురణల రికార్డు పనిని మాత్రమే నమోదు చేయదనీ, పని జరిగిన చోట ఎవరి అధికారం ఎంతో కూడా నమోదు చేస్తుందనీ దీని అర్థం.

నిచ్చెన ఎవరిది?

ఇక్కడొక అభ్యంతరం రావడం సహజం. సుబ్బారావు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవారు కదా, ఆయన కథకూ కులానికీ సంబంధమేమిటి? సంబంధం రెండు విధాలుగా ఉంది. మొదటిది, ఆయన అక్కడికి చేరిన దారి. మెట్రిక్యులేషన్‌లో ఆయన రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుడి ఆగ్రహానికి గురై, పూర్తి డిగ్రీకి బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. కుటుంబం పేదది. అయినా ఆయనకు మూడో అవకాశం దొరికింది. నాలుగో తలుపు కూడా తెరుచుకుంది. అమెరికా ప్రయాణానికి మామగారు సేకరించిన డబ్బుతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం హామీ ఉంది. ఆ నాయకర్ కోరంగి రేవు నుంచి రంగూన్ వెళ్లి సంపాదించిన వ్యక్తి, మత్స్యకార అగ్నికుల క్షత్రియ సమాజానికి చెందినవాడు. ఒక శూద్ర దాత సంపద ఒక బ్రాహ్మణ యువకుడి చదువుకు దారి వేసిన ఈ సంగతిని మన ప్రశస్తి వ్యాసాలు ఒక వాక్యంలో దాటవేస్తాయి.

అదే 1895లో, సెప్టెంబరు 28న, ఈ గుంటూరు సీమలోని వినుకొండలో గుర్రం జాషువా పుట్టారు. ఇద్దరివీ ఒకే సంవత్సరపు పుట్టుకలు, ఒకే భాష, ఇంచుమించు ఒకే స్థాయి పేదరికం. ఒకరికి పేదరికం అడ్డంకి అయింది. మరొకరికి పేదరికంతో పాటు అంటరానితనం అడ్డుగోడ అయింది. బడిలోనూ, సాహిత్య సభలలోనూ తన కులమేమిటన్న ప్రశ్న జాషువాను వెంటాడింది. ఆ రోజులలో ఈ మైదానాల మాల, మాదిగ పల్లెలకు అక్షరం చేరింది చాలావరకు గుంటూరు లూథరన్, ఒంగోలు బాప్టిస్టు మిషన్ల బడుల ద్వారానే. ఆ బడులు ఉపాధ్యాయులను, పాస్టర్లను తయారుచేయగలిగాయి. హార్వర్డ్ ప్రయోగశాల దాకా నిచ్చెన వేయగల శక్తి వాటికి లేదు. రెండుసార్లు పరీక్ష తప్పిన కుర్రవాడిని మూడోసారి కూర్చోబెట్టగల స్తోమత డబ్బు ఒక్కదానితో రాదు. చదువు తమదేనన్న తరతరాల నమ్మకంతో వస్తుంది. ఇవాళ మొదటి తరం దళిత విద్యార్థి ఒక్క సబ్జెక్టు తప్పితే అతని కులం మొత్తాన్ని తప్పుపట్టే గొంతులు, సుబ్బారావు రెండు వైఫల్యాలను మాత్రం మేధావి పట్టుదలకు గుర్తుగా చెప్పుకుంటాయి.

రెండవ సంబంధం మరింత ముఖ్యమైనది. ఇంత సామాజిక పెట్టుబడి ఉన్న వ్యక్తిని కూడా హార్వర్డ్ సోపానం కనుమరుగు చేయగలిగింది. అక్కడ ఆయన పరాయి దేశస్థుడు, గోధుమరంగు మనిషి, ఇంకొకరి ప్రయోగశాలలో సహాయకుడు. ఆ అన్యాయాన్ని గుర్తించి తెలుగు సమాజం న్యాయంగానే బాధపడుతున్నది. ఆయన శతజయంతికి 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. అయితే ఆయన పేరు మాయమైన తీరును అంత స్పష్టంగా చూడగలిగినవారు, అదే తీరు మన ప్రయోగశాలలలో కులం రూపంలో పనిచేస్తుంటే చూడలేకపోవడం ఆశ్చర్యకరం. బోస్టన్‌లో అన్యాయమైనది తుళ్లూరులో ప్రతిభ ఎలా అవుతుంది?

సాహా, రైట్: రెండు పాఠాలు

ప్రచురణకు డబ్బు కావాలి. డబ్బుకు, కులానికి ఉన్న బంధం మేఘనాథ్ సాహా జీవితంలో కనిపిస్తుంది. తూర్పు బెంగాల్ పల్లెలో చిన్న దుకాణదారు కొడుకు, ‘తక్కువ’గా చూసే కులంలో పుట్టినవాడు. కలకత్తా హిందూ హాస్టల్‌లో ఆయనతో కలిసి భోజనం చేయడానికి అగ్రవర్ణ విద్యార్థులు అంగీకరించలేదు. 1917లో ఆయన వికిరణ పీడనం గురించి ఒక సుదీర్ఘ పత్రాన్ని అమెరికాలోని ఖగోళ భౌతికశాస్త్ర జర్నల్‌కు పంపారు. ముద్రణ వ్యయంలో కొంత భరించమని సంపాదకులు కోరారు. ఆ డబ్బు ఆయన దగ్గర లేదు. దాంతో అక్కడ ఒక చిన్న గమనిక మాత్రమే వెలువడింది. పూర్తి పత్రం కలకత్తా విశ్వవిద్యాలయ జర్నల్‌లో అచ్చయింది, ప్రపంచం దృష్టికి రాలేదు. ఆ ఆలోచనకు తాను ఆద్యుడినన్న గుర్తింపు చేజారిన సంగతిని ఆయనే తరువాత ఒక లేఖలో రాసుకున్నారు. వందేళ్లు గడిచాయి. ‘నేచర్’ పత్రికలో అందరూ ఉచితంగా చదువుకునేలా ఒక పత్రం వేయించడానికి 2020లో ప్రకటించిన రుసుము 9,500 యూరోలు. ఫెలోషిప్ నెలల తరబడి ఆలస్యమైతే మెస్ బిల్లు కట్టలేని పరిశోధకుడికి ఆ అంకె చూపించి, నీ ప్రచురణలు ఏ స్థాయివి అని అడగడం ఎలాంటి పోటీ?

రెండవ పాఠం సుబ్బారావు మందుతోనే ముడిపడినది, ఆశాజనకమైనది. మెథోట్రెక్సేట్ రక్త క్యాన్సర్‌కే పరిమితం కాదని, రొమ్ము క్యాన్సర్ గడ్డల మీద కూడా పనిచేయగలదని 1951లో చూపిన బృందానికి నాయకత్వం వహించినది జేన్ రైట్ అనే నల్లజాతి మహిళ. ఆమె తండ్రి లూయీ రైట్ వైద్యుడు. ఆయన న్యూయార్క్‌లో నల్లజాతివారి పేట హార్లెమ్‌లోని ఆసుపత్రిలో క్యాన్సర్ పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పారు. జేన్ పని అక్కడ మొదలైంది. ఆమె వందకు పైగా పత్రాలు ప్రచురించారు. 1964లో అమెరికా క్లినికల్ ఆంకాలజీ సంఘాన్ని స్థాపించిన ఏడుగురిలో ఆమె ఏకైక మహిళ, ఏకైక నల్లజాతి సభ్యురాలు. ఆమె ప్రచురణల రికార్డును చూసి ప్రతిభ అని అనవచ్చు. కానీ ఆ ప్రతిభకు ముందు ఒక ఆసుపత్రి ఉంది, ఒక ప్రయోగశాల ఉంది, తన పేరును తానే రాసుకునే అధికారం ఉంది. చోటు దొరికిన తరువాతనే రికార్డు పుడుతుంది. రికార్డు తెస్తేనే చోటిస్తామనడం ఈ వరుసను తలకిందులు చేయడమే.

మన చట్టం, మన లెక్క

ఈ చోటు విషయంలో మన దేశం ఏం చేసింది? కేంద్ర విద్యాసంస్థల ఉపాధ్యాయ పోస్టులలో రిజర్వేషన్లకు 2019లో పార్లమెంటు చట్టం చేసింది. అదే చట్టం ఒక అనుబంధ జాబితాలో కొన్ని ‘శ్రేష్ఠ’ సంస్థలను, పరిశోధనా సంస్థలను తన పరిధి నుంచి మినహాయించింది. ఆ జాబితాలో దేశంలోనే అగ్రగామి క్యాన్సర్ సంస్థ టాటా మెమోరియల్ సెంటర్ ఉంది. సాహా పేరు మీద కలకత్తాలో ఉన్న అణు భౌతికశాస్త్ర సంస్థ కూడా ఉంది. కలిసి భోజనానికి నోచుకోని మనిషి పేరు పెట్టిన సంస్థను సైతం ఆ మనిషి వంటివారికి చోటు కల్పించే చట్టం నుంచి తప్పించారు. పరిశోధన, అతి ప్రత్యేక వైద్య విభాగాలు, ఆచార్య పదవుల వంటి వాటిలో రిజర్వేషన్లు తగవేమోనని 1992 నాటి మండల్ తీర్పులో సుప్రీంకోర్టు చేసిన సూచన ఈ ధోరణికి అండగా నిలిచింది. సామాన్య ఉద్యోగానికి సామాజిక న్యాయం, ఉన్నత జ్ఞానానికి ‘శుద్ధ ప్రతిభ’ అనే ఈ విభజన వర్ణవ్యవస్థ చేసిన విభజనకు ఎంతో దూరంలో లేదు.

ఫలితం కళ్లెదుట ఉంది. దేశంలోని అగ్రశ్రేణి శాస్త్ర సంస్థలలో ఆచార్యుల స్థాయిలో దళిత, ఆదివాసుల వాటా ఒక శాతానికి కూడా చేరలేదని 2023 జనవరిలో ‘నేచర్’ పత్రిక, సమాచార హక్కు ద్వారా లభించిన వివరాలతో వెల్లడించింది. అంతకుముందు, 2007లో, ఢిల్లీ ఎయిమ్స్‌పై సుఖదేవ్ థోరట్ సంఘం నివేదిక ఇచ్చింది. అధ్యాపకులు తమకు సమయం ఇవ్వడం లేదని, మౌఖిక పరీక్షలలో వివక్ష ఉందని దళిత, ఆదివాసీ విద్యార్థులు ఆ సంఘానికి చెప్పారు. గైడు సమయమే పరిశోధనకు ప్రాణం. ఏ ప్రశ్న తీసుకోవాలి, ఏ జర్నల్‌కు పంపాలి, తిరస్కరిస్తే ఏం చేయాలి అన్నవి పుస్తకాలలో దొరకవు, గైడు గదిలో దొరుకుతాయి. ఆ గది తలుపు కొందరికి సగమే తెరుచుకుంటే వారి ప్రచురణలూ సగమే అవుతాయి. గుంటూరు నుంచి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వెళ్లి, ఫెలోషిప్ ఆగిపోయి, హాస్టల్ నుంచి బహిష్కృతుడై 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల కూడా జీవశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టినవాడే. అతడు రాయవలసిన పత్రాలను ఏ సూచిక లెక్కిస్తుంది?

సైటేషన్ల సంగతి మరీ విచిత్రం. శాస్త్రంలో పేరున్నవారికే మరింత పేరు చేరుతుందని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే చూపించాడు. తెలిసినవారిని తెలిసినవారు ఉదహరిస్తారు. సదస్సులో పక్కన కూర్చున్నవారి పని గుర్తుంటుంది. మన అకడమిక్ సాంగత్యాలు చాలావరకు ఒకే రకమైన ఇంటిపేర్ల మధ్య అల్లుకున్నవి. హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన హిర్ష్ ఒక భౌతికశాస్త్రవేత్త. తన రంగపు అలవాట్లను దృష్టిలో పెట్టుకుని చేసిన సూచికను మనం నియామకాలకు, పదోన్నతులకు తులాదండంగా మార్చుకున్నాం. జాతీయ ర్యాంకుల విధానంలో పరిశోధనకు 30 శాతం ప్రాధాన్యం, సమ్మిళితత్వానికి 10 శాతం. ఆ 10 శాతంలో కూడా అధ్యాపకుల కులాల వారీ ప్రాతినిధ్యానికి మార్కు లేదు. దేన్ని లెక్కించాలో నిర్ణయించేవారే దేన్ని విస్మరించాలో కూడా నిర్ణయిస్తారు.

తుళ్లూరు అడగవలసినది

తుళ్లూరుకు ఈ చర్చ దూరమైనది కాదు. రాజధాని కోసం 2015లో మొదలైన భూసమీకరణలో తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల నుంచి 33 వేలకు పైగా ఎకరాలు సేకరించారు. పట్టా భూములకు ఒక లెక్క, దళితులు ఎక్కువగా సాగుచేసుకుంటున్న అసైన్డ్, లంక భూములకు తక్కువ లెక్క కట్టారు. ఒకే నేలకు, ఒకే నదికి ఆనుకుని ఉన్న రెండు చేలకు కాగితం మీద విలువ వేరైంది. భూమి లేని కూలీ కుటుంబానికి మొదట నిర్ణయించిన పింఛను నెలకు 2,500 రూపాయలు. మిరపకాయ కోత, పత్తి తీత, మందు పిచికారీ పనులతో బతికిన ఆ కుటుంబాలకు కొత్త నగరంలో ఏ ఉద్యోగాలు దక్కుతాయన్నది అందరికీ తెలిసిందే. కాపలా, ఊడ్పు, వంటపని. ఆ ఇంటి పిల్ల అదే ప్రాంగణంలో పరిశోధకురాలిగా అడుగుపెట్టే దారి ఏదని అడగాలి. ప్రైవేటు విద్యాసంస్థల ప్రవేశాలలో రిజర్వేషన్లకు 93వ రాజ్యాంగ సవరణ 15(5) అధికరణం ద్వారా వీలు కల్పించింది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అయినా ప్రైవేటు విశ్వవిద్యాలయాలన్నిటికీ దానిని తప్పనిసరి చేసే కేంద్ర చట్టం ఇప్పటికీ రాలేదు.

ప్రశ్నలకూ కులం ఉంటుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో మలాథియాన్, డయాజినాన్, గ్లైఫోసేట్‌లను మనుషులకు క్యాన్సర్ కలిగించే సంభావ్యత ఉన్నవాటిగా, లిండేన్‌ను క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేయడానికి ముందు పత్తి చేలలో అది విరివిగా వాడిన మందు. గుంటూరు మిరప, పత్తి పంటలు పురుగుమందులతో ఎంతగా తడుస్తాయో రైతుకు తెలుసు. వీపున డబ్బా మోసి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని వాటిని చల్లినవారు ఎవరు, మందు ఆరని చేలో కాయ కోసినవారు ఎవరు? ఎక్కువమంది మాల, మాదిగ, యానాది, వెనుకబడిన కులాల కూలీలు, వారిలో సగానికి సగం ఆడవారు. వారి శరీరాలలో ముప్పై, నలభై ఏళ్లుగా ఏం జరిగిందన్నది తుళ్లూరులో వెలిసే ఏ క్యాన్సర్ సంస్థకైనా మొదటి పరిశోధనాంశం కావాలి. అంతర్జాతీయ జర్నల్ ఆకర్షణ దృష్ట్యా చూస్తే ఈ ప్రశ్నకు గిరాకీ తక్కువ. ఊరూరా తిరిగి, ఏళ్ల తరబడి కూలీల పని చరిత్రను, జబ్బు చరిత్రను నమోదు చేయాలి. ఐదేళ్లలో ఇరవై పత్రాలు కావాలన్న ఒత్తిడి ఉన్న పరిశోధకుడు ఈ పనికి పూనుకోడు. పిచికారీ డబ్బా మోసిన తండ్రి ఉన్న పరిశోధకురాలు మాత్రం ఈ ప్రశ్న వేయకుండా ఉండలేదు. ప్రాతినిధ్యం వల్ల శాస్త్రం నాణ్యత పడిపోతుందనేవారికి నా జవాబు ఇదే. ప్రాతినిధ్యం లేకపోతే శాస్త్రానికి కొన్ని ప్రశ్నలు తట్టనే తట్టవు.

పత్రాలను, సైటేషన్లను పూర్తిగా పక్కన పెట్టమని నేను కోరడం లేదు. తోటి నిపుణుల పరీక్షకు నిలవని పరిశోధన పేదవాడికే ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే తప్పుడు మందు మొదట చేరేది అతని నోటికే. అంకెను ఆధారాలలో ఒకటిగా చూడవచ్చు, తీర్పుగా చూడకూడదు. ఈ మెలకువతో కొన్ని కనీస చర్యలు సాధ్యం. పరిశోధక ప్రవేశాలు, గైడు కేటాయింపు, ఫెలోషిప్ చెల్లింపు, నియామకాల వివరాలను కులాల వారీగా ప్రతి విశ్వవిద్యాలయం ఏటా ప్రకటించాలి. ప్రజల భూమి మీద వెలిసిన ప్రైవేటు సంస్థలకు ఇది షరతు కావాలి. గైడు కేటాయింపుకు గడువు పెట్టి, అది మీరితే విభాగాధిపతిని బాధ్యుణ్ణి చేయాలి. పత్రంలో ఎవరు ఏ పని చేశారో విడివిడిగా చెప్పే పద్ధతి 2014 నుంచి ప్రపంచంలో అమలులోకి వచ్చింది. ఆలోచన నుంచి ప్రయోగం వరకు, సమాచార సేకరణ నుంచి రచన వరకు 14 రకాల పాత్రలను అది గుర్తిస్తుంది. ఆ పద్ధతిని మన సిద్ధాంత గ్రంథాలకు, పత్రాలకు తప్పనిసరి చేస్తే నమూనాలు సేకరించినవారి శ్రమ, ప్రయోగం నడిపినవారి శ్రమ పెద్దవారి పేరు కింద కరిగిపోదు. 2019 చట్టంలోని మినహాయింపుల జాబితాను పార్లమెంటు పునఃపరిశీలించాలి. 15(5) అధికరణానికి తగిన చట్టం తేవాలి. ఎంపిక సంఘాలు అంకెలతో పాటు, ఆ అంకెలు ఏ పరిస్థితులలో పుట్టాయో చూసే నియమం ఏర్పడాలి.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీ సహచరుడి ప్రతిభను హెచ్-ఇండెక్స్‌తో కొలిచే వాదన మీ ముందుకు వచ్చినప్పుడు, ఆ 1948 జూన్ పత్రాన్ని గుర్తుచేయండి. వేలాది పిల్లల ప్రాణాలు నిలిపిన చికిత్సకు మూలమైన మందును తయారుచేయించిన మనిషి పేరు అందులో లేదని చెప్పండి. ఆయనకు ఇంటిపేరు అండ ఉండి, మూడుసార్లు పరీక్ష రాసే వీలుండి, సముద్రం దాటే సాయం దొరికి కూడా అలా జరిగిందని చెప్పండి. అవేవీ లేనివారి పేర్లు ఎన్ని, ఎన్ని పత్రాల మీద నుంచి, ఎన్ని ప్రయోగశాలల గడపల దగ్గర నుంచి జారిపోయి ఉంటాయో ఆలోచించమనండి. సుబ్బారావుకు నిజమైన నివాళి అర్పించాలంటే తుళ్లూరులో ఆయన విగ్రహం కన్నా, ఇక్కడి కూలివాడల నుంచి వచ్చిన పిల్లల పేర్లు పరిశోధనా పత్రాల మీద, వారికి దక్కవలసిన వరుసలో కనబడటం ముఖ్యం.